నైలునదిపై వెయ్యి మైళ్లు

నైలునదిపై పడవలో సాగుచు ఒడ్డుననున్న ప్రాచీన దేవాలయములను దర్శించినవారి గ్రంథములు పాశ్చాత్య భాషలలో కొల్లలుగా ఉన్నవి. వానిలో చాలవరకు కొలతల పట్టికలు, తక్కినవి నిట్టూర్పులు. ఈ రెంటికిని లొంగని గ్రంథము ఆంగ్ల నవలాకారిణి అమీలియా ఎడ్వర్డ్స్ 1877లో ప్రకటించిన ‘నైలునదిపై వెయ్యి మైళ్లు’. 1873లో ఆమె ఈజిప్టు చేరుట పాండిత్యకాంక్షచేత కాదు. ఫ్రాన్సులో విడువని వానలను తప్పించుకొనుటకు. వానకు ఎవరి వసారాలోనో నిలిచిన మనిషి ఆ ఇంటి మనిషియే అయిన కథ ఇది. 1882లో ఈజిప్టు పురావస్తు అన్వేషణకై లండనులో నిధి స్థాపించిన వారిలో ఆమె ముఖ్యురాలు.

ఆమె ఎక్కినది ‘దహబియా’ అను తెరచాప పడవ. ఎగువకు పోవునపుడు ఉత్తరపు గాలిని వృథా చేయక సాగిపోవుట, గుళ్లను తిరుగు ప్రయాణమున చూచుట నాటి ఆచారము. ఎడ్వర్డ్స్ దీనిని ప్రశ్నించినది. ప్రాచీనమైన సక్కారా పిరమిడ్లు దిగువన ఉన్నవి గనుక, ఈజిప్టు చరిత్ర ప్రవాహమునకు ఎదురు నడచినదని ఆమె వాదము. మాట అందమైనదే గాని పూర్తిగా నిలువదు. క్రీ.పూ. 237లో ఆరంభమైన ఎడ్ఫూ ఆలయమును దాటి ఎంతో ఎగువకు పోయినగాని, దానికంటె వెయ్యేండ్లు పాతదైన అబూ సింబెల్ కనబడదు. అయినను, చూచుటకు ఒక వరుస కావలెనని తోచిన యాత్రికులే అరుదు గనుక ఈ పొరపాటును నేను పెద్దగా పట్టించుకొనను.

గ్రంథమునకు ప్రాణము అబూ సింబెల్ అధ్యాయము. నేటి యాత్రికులు కొద్ది గంటలలో ముగించు చోట ఆమె పడవ పద్నాలుగు రోజులు నిలిచినది. పూర్వము రాబర్ట్ హే అచ్చు తీయించగా రామెసీసు విగ్రహపు ముఖమున మిగిలిన తెల్లని సున్నపు మరకలను నావికులచేత తుడిపించి, తెలుపు పోనిచోట కాఫీ పూయించినది. ఆ సందర్భమున వంటవాని దిగులును సరసముగా వర్ణించినది. నావికులు మాత్రము ఆమె కంటికి ఆటలాడు పిల్లలు. ఆ ముఖమును గూర్చి వారేమనుకొనిరో ఆమె అడుగలేదు. ఇది చిన్న లోపము కాదు.

ఆలయమునకు దక్షిణమున ఇసుకలో కూరుకొనియున్న ఒక చిత్రిత మందిరమును ఆమె బృందము వెలికితీసి, గోడపై తమ పేర్లు వ్రాసినది. గుళ్లపై పేర్లు చెక్కు యాత్రికులను నిందించినదియు ఈమెయే! తమ పేర్లు కొంత చెరిగినవని, చిత్రములు చాల దెబ్బతిన్నవని తరువాత వినినట్లు చెప్పినది. తన్ను తాను సమర్థించుకొనలేదు. పుస్తకమంతటిలో నాకు ఎక్కువ విలువైనది ఆ మాటయే.

ఆమె చూచిన తీరము ఇప్పుడు లేదు. ఆస్వాన్ పెద్ద ఆనకట్ట కారణముగా 1964-68 మధ్య అబూ సింబెల్‌ను ఖండములుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తున తిరిగి నిలిపిరి. ఆమె పడవకు పేరిచ్చిన ఫిలే ద్వీపాలయము అగిల్కియా ద్వీపమునకు చేరి 1980లో యాత్రికులకు తెరువబడినది. రాళ్లు తరలివచ్చినవి. పడవ గుడి ముందు కట్టియుండగా, ప్రతి ఉదయము ఆ నాలుగు ముఖములపై వెలుగు పడు క్షణము మాత్రము ఆమె పుటలలోనే మిగిలినది.

నాగార్జునకొండ కట్టడములను కొండపైకి మోసికొన్న మనకు ఈ సంగతి క్రొత్త కాదు. 1954లో మొదలైన అక్కడి త్రవ్వకముల నివేదికలు మనకున్నవి, శిల్పములున్నవి. నీరు రాకముందు ఆ లోయలో నడచిన వృద్ధులు ఇంకను కొందరు ఉండవచ్చును. ఏ దారిన దిగిరి, ఏ వేళ ఏ స్తంభముపై ఎండ పడినది, గునపము పట్టిన కూలీ ఏమనెను — ఇవి వారు వ్రాయగా చదువవలెనని నా కోరిక.