ఎఫ్7 బంటు

మొయినాబాద్‌లో ఆదివారం చెస్ పోటీ. చేవెళ్లలో పొద్దున్నే బస్సెక్కితే దారి పొడవునా మర్రిచెట్లే. ఆ నీడలో ఓపెనింగులు నెమరేసుకోవడం నాకు అలవాటు.

మూడో రౌండ్‌లో నావి నల్లపావులు. ఎదురుగా పదేళ్ల పాప, కుర్చీలో మోకాళ్ల మీద కూర్చుంది. ఇటాలియన్ గేమ్: రాజుల ముందు బంట్లు ఎదురెదురుగా నిలిచాయి, గుర్రాలు బయటికొచ్చాయి, తన బిషప్ సి4కి చేరింది. నేను రెండో గుర్రాన్ని దింపగానే పాప గుర్రం జి5కి దూకింది. ఇక రెండింటి గురీ ఎఫ్7 బంటు మీదే. దానికి రాజు తప్ప కాపలా లేదు. డి5లో బంటు అడ్డం పెట్టాను. కొట్టింది. గుర్రంతో తిరిగి కొట్టాను. వరస గుర్తుంది కానీ, అది ఎందుకలా ఉందో నేనెన్నడూ అడగలేదు.

పాప గుర్రం ఎఫ్7లో పడి నా మంత్రిని, ఏనుగును ఒకేసారి పట్టింది. రాజుతో కొట్టాను. మంత్రి ఎఫ్3 నుంచి చెక్. డి5 గుర్రం దక్కాలంటే రాజు ఇ6కి రావాలి. ఇంకా 28 పావులుండగానే నా రాజు నడిబయట నిలబడ్డాడు. సుమారు 400 ఏళ్ల కిందట ఇటలీలో పొలెరియో ఆడిన దెబ్బ ఇది.

ఆట ముగిశాక వరండాలో మళ్లీ పావులు పేర్చాం.

"అంకుల్, అప్పుడే కొట్టొద్దు. గుర్రాన్ని ఏ5లో పెట్టి ముందు నా బిషప్‌ను తరమాలె."

"బంటు పోతది గదమ్మా?"

"పోనియ్యండి. నా పావులు ఎనక్కి పోతయి, మీవి బయటికొస్తయి."

తన నోట్‌బుక్ అట్ట మీద ఓరుగల్లు బిడ్డ అర్జున్ ఎరిగైసి బొమ్మ ఉంది. 2024 డిసెంబర్ జాబితాలో 2801 రేటింగుతో, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు.

నేను ఆట నేర్చింది తాత అరుగు మీద. అక్కడ బంటుకు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే. సైన్యాలు నింపాదిగా తలపడేవి. అలాంటి దేశవాళీ ఆటలోనే ఎదిగిన మీర్ సుల్తాన్ ఖాన్ 1929, 1932, 1933లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ఓపెనింగులో వెనకబడ్డా నడిమి ఆటలో లాక్కొచ్చేవాడు. ఆయన్ని తలుచుకునే ఇన్నాళ్లూ ఓపెనింగును తేలిగ్గా తీసుకున్నాను. ఆయనకున్న నడిమి ఆట నాకు లేదు.

తిరుగు బస్సులో ఒళ్లో చిన్న బోర్డు తెరిచాను. ఏ5లో గుర్రం. బిషప్ చెక్, సి6లో బంటు అడ్డం. ప్రతి ఎత్తు దగ్గరా ఆగి ఎందుకని అడుగుతూ పోయాను. చేవెళ్ల వచ్చేసరికి ఎనిమిదో ఎత్తులో ఉన్నాను.