గుర్తులేని వాద్యబృందం

ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ఖైదీలను పనికి నడిపించేటప్పుడు గేటు దగ్గర వాద్యబృందం వాయించేది. పత్రాల్లో ఉంది, బతికి బయటపడ్డవాళ్లు ఎందరో చెప్పారు. అదే శిబిరం నుంచి బతికొచ్చిన వ్లాదెక్ స్పీగెల్మన్‌ను కొడుకు ఆర్ట్ ఆ సంగతి అడిగితే, అలాంటిదేమీ లేదన్నాడాయన. కాపలావాళ్ల అరుపులే ఆయనకు గుర్తున్నాయి. చరిత్రకారుడైతే పత్రాన్ని పైన పెట్టి, ముసలాయన మాటను పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేసేవాడు. ఆర్ట్ స్పీగెల్మన్ 'మౌస్' అనే తన గ్రాఫిక్ నవలలో ముందు వాద్యబృందాన్ని గీశాడు. తండ్రి కాదన్నాక, తర్వాతి గడిలో ఖైదీల వరుస ఆ బృందానికి అడ్డంగా నడుస్తుంది. తలల మీదుగా వాయిద్యాల కొసలు మాత్రం కనిపిస్తాయి. పత్రమూ నిలిచింది, తండ్రి జ్ఞాపకమూ నిలిచింది.

చరిత్ర చెప్పడానికి బొమ్మల కథ ఎందుకు అని అడిగేవాళ్లకు నేను ముందు ఈ గడులే చూపిస్తాను. సినిమాలో దృశ్యం వచ్చి వెళ్లిపోతుంది. 'మౌస్'లో యుద్ధకాలపు పోలండు, ముప్పై ఏళ్ల తర్వాతి న్యూయార్క్ వంటగది ఒకే పేజీ మీద పక్కపక్కనే ఉంటాయి. అనుమానమొస్తే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. గడికీ గడికీ మధ్య తెల్లటి సందు ఉంటుంది. ఎత్తిన లాఠీ ఒక గడిలో, ఖాళీ వీధి తర్వాతి గడిలో ఉంటే, దెబ్బ ఆ సందులో పడుతుంది. దాన్ని ఊహించే పని పాఠకుడిదే.

గీసేవాడికి తప్పించుకునే దారి కూడా తక్కువ. 'గోడ దగ్గర నిలబెట్టారు' అని రాసి రచయిత ముందుకు పోగలడు. చిత్రకారుడికి ఆ గోడ ఎంత ఎత్తో, ఇటుకదో మట్టిదో, నిలబడ్డవాళ్ల కాళ్లకు చెప్పులున్నాయో లేవో తెలియాలి. శిబిరంలో తండ్రి పనిచేసిన రేకుల వర్క్‌షాపులో ఏ పనిముట్లు ఉండేవో తెలియక తాను తంటాలు పడిన సంగతిని స్పీగెల్మన్ 'మౌస్'లోనే గీశాడు. యూదులను ఎలుకలుగా, జర్మన్లను పిల్లులుగా వేసినవాడికి పనిముట్ల మీద అంత పట్టింపెందుకు? ఇది గీసిన బొమ్మేనని ఆ ఎలుక ముఖం మొదటి పేజీ నుంచే ఒప్పేసుకుంటోంది. అంత బాహాటంగా ఒప్పుకున్నాక మిగతాది ఒళ్లు దగ్గర పెట్టుకుని గీయక తప్పదు. 1991లో రెండో భాగం వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్ దాన్ని కాల్పనిక రచనల జాబితాలో వేసింది. స్పీగెల్మన్ ఉత్తరం రాసి జాబితా మార్పించాడు. మరుసటి ఏడాది పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది.

హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు కేజి నకజావాకు ఆరేళ్లు. బడి గోడ అడ్డుండి బతికాడు. తండ్రి, అక్క, తమ్ముడు పోయారు. 1973లో ఆయన 'బేర్‌ఫుట్ జెన్' మొదలుపెట్టింది పిల్లల కామిక్స్ వారపత్రికలో. బొమ్మలు మొరటుగా ఉంటాయి, పాత్రలు అతిగా అరుస్తాయి. అయినా బాంబు పడిన ఆ ఉదయపు పేజీలను గబగబా తిప్పేయడం ఎవరి తరమూ కాదు.

జో సాకో పాత్రికేయుడు. 1956 నవంబరులో గాజాలోని ఖాన్ యూనిస్, రఫా పట్టణాల్లో ఇజ్రాయెల్ సైనికులు పాలస్తీనియన్లను కాల్చి చంపిన ఘటనల మీద ఆయన పుస్తకం 'ఫుట్‌నోట్స్ ఇన్ గాజా' 2009లో వచ్చింది. అప్పటికి యాభై ఏళ్లు గడిచాయి. ముసలివాళ్లను ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని అడిగాడు. వాళ్ల ముఖాలను వరుసగా గీసి, ఎవరి మాట వాళ్ల పక్కనే పెట్టాడు. ఒకాయన తన అన్నదమ్ములు చనిపోయేటప్పుడు అక్కడే ఉన్నానంటాడు, ఇంకొందరు అతను అక్కడ లేడంటారు. సాకో ఆ చిక్కుముడిని దాచలేదు. దానికే కొన్ని పేజీలు ఇచ్చాడు. సాక్షుల మాటలు కలవనంత మాత్రాన హత్యలు జరగలేదని కాదు కదా!

మన పిల్లలకు బొమ్మల్లో చరిత్ర అంటే చాలాకాలం అమర్ చిత్ర కథే. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన ఆ పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి. వాటికి నేనూ రుణపడి ఉన్నాను. కానీ అందులో రాజులందరూ ఒకే వ్యాయామశాలలో పెరిగినట్టు ఉంటారు, కథ చెప్పే గొంతుకు ఎక్కడా సందేహం రాదు.

దానికి సరైన జవాబు 2011లో నవయాన ప్రచురించిన 'భీమాయన'. అంబేద్కర్ స్వయంగా రాసుకున్న అంటరానితనపు అనుభవాలు దానికి ఆధారం. శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ కథ రాశారు. బొమ్మలు మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు దంపతులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ వేశారు. మనుషులను గడుల్లో బంధిస్తే ఊపిరాడదని వాళ్లు గడులే వద్దన్నారు. గోండు ఇళ్ల నేల మీద, గోడల మీద వేసే దిగ్నా ముగ్గుల వంపులతో పేజీని విడదీశారు. రైలు పాములా సాగుతుంది. మాటల బుడగలు చూడండి: మెత్తని మాట పిట్ట ఆకారంలో, కులం విషం కక్కే మాట తేలు కొండితో ఉంటాయి. మనసులోని మాటకు ఒక కన్ను ఉంటుంది. 1901లో తండ్రిని చూడబోయిన చిన్న భీమ్‌కు దారిలో తిండి ఉంది, తాగడానికి నీళ్లు ఇచ్చేవాళ్లు లేరు. ఆ కథ పక్కనే మన కాలపు దళితుల మీద దాడుల వార్తలు కనిపిస్తాయి. పాత సంగతిలే అని పుస్తకం మూసేయడానికి వీలుండదు.

పర్ధానులు గోండుల వంశచరిత్ర పాడే గాయకులు. మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నారు. చేర్యాల నకాషీ పటాలు కూడా ఇలా పాడి చెప్పే కథలే. పటంలో కథ వరుసలు వరుసలుగా పైనుంచి కిందికి దిగుతుంది, చెప్పేవాడు బొమ్మ బొమ్మనూ చూపిస్తూ పాడతాడు. పద్మశాలీలకు కూనపులివారు చెప్పే మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివారు చెప్పే జాంబ పురాణం పటం మీద నడిచేవే. రాజుల శాసనాల్లో చోటు దొరకని కులాలు తమ పుట్టుపూర్వోత్తరాలను ఇలా బొమ్మల్లో దాచుకున్నాయి. ఇవాళ ఆ పటాలను ముక్కలు చేసి డ్రాయింగు రూముల గోడలకు తగిలిస్తున్నాం.

తెలుగు చిత్రకారులకు, ప్రచురణకర్తలకు ఒక మాట. కారంచేడులో దళితుల మీద దాడికి దారితీసిన గొడవ 1985లో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. చుండూరులో దళితుల హత్యలు 1991లో జరిగాయి. చూసినవాళ్లు, పారిపోయి బతికినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని, చెరువు గట్టు ఎంత ఎత్తో, పొలం దారి ఎటు తిరిగేదో అడిగి తెలుసుకుని గీయండి. ఇద్దరి మాటలు కలవకపోతే ఇద్దరినీ గీయండి.