32.5 లక్షల డాలర్ల ముడి

2014 మార్చి నెలాఖరున అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ తన మాజీ ఆటగాడు ఆరన్ హెర్నాండెజ్‌కు 32.5 లక్షల డాలర్లు చెల్లించాలి. అప్పటికి జట్టు అతన్ని వదిలేసి తొమ్మిది నెలలైంది. అతను హత్య కేసులో విచారణ ఖైదీగా మసాచుసెట్స్ జైల్లో ఉన్నాడు. డబ్బు వెళ్లలేదు. ఇవ్వాల్సిందేనని ఆటగాళ్ల సంఘం ఫిర్యాదు చేసింది. 2017లో అతను చనిపోయాక, ఆ బాకీ అతని ఎస్టేటుకు రావాలా అన్నది పెద్ద ప్రశ్నైంది. హంతకుడి ఇంటికి జీతం పంపడమేమిటని చిరాకుపడ్డవాళ్లు చాలామంది. ఆ చిరాకు సహజమే. కానీ ఒప్పందాన్ని విప్పి ఒక్కో భాగం చూస్తే, ఇలాంటి రోజు వస్తుందని దాన్ని రాసినవాళ్లు ముందే ఎంత ఆలోచించారో తెలుస్తుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాడి ఒప్పందం రెండు పొరల్లో ఉంటుంది. అడుగున లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన ఉమ్మడి ఒప్పందం. అప్పుడు అమల్లో ఉన్నది 2011 నాటిది. దాని మీద 25 పేరాల అచ్చు ఫారం, అందరికీ ఒకటే. జట్టూ ఆటగాడూ ప్రత్యేకంగా ఒప్పుకున్న షరతులను దాని వెనక జతచేస్తారు. హెర్నాండెజ్ 2010 డ్రాఫ్టులో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, నాలుగో రౌండులో ఎంపికైనవాడు, టైట్ ఎండ్ అనే స్థానంలో ఆడేవాడు. 2012 ఆగస్టులో అతనికి సుమారు 4 కోట్ల డాలర్ల విలువైన ఐదేళ్ల పొడిగింపు ఇచ్చారు. అందులో కేవలం సంతకం పెట్టినందుకు వచ్చే సైనింగ్ బోనస్ 1.25 కోట్లు. విడతల్లో 92.5 లక్షలు అతని చేతికందాయి. మిగిలిన ఆఖరి విడతే ఈ 32.5 లక్షలు.

ఈ బోనస్‌కు రెండు లెక్కలుంటాయి. డబ్బు చేతులు మారే తేదీలు ఒక లెక్క. ప్రతి జట్టు ఏడాది ఖర్చుకూ లీగ్ పెట్టిన పరిమితి, అంటే శాలరీ క్యాప్, ఇంకో లెక్క. క్యాప్ లెక్కలో ఆ 1.25 కోట్లను ఐదు సీజన్లకు సమంగా పరుస్తారు, ఏడాదికి 25 లక్షలు. ఆటగాణ్ణి మధ్యలో వదిలేస్తే మిగిలిన భాగాలన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. జూన్ 1 దాటాక వదిలేస్తే మాత్రం ఆ ఏటి భాగం ఆ ఏడాదికే ఆగి, తక్కినవి మరుసటి ఏడాదికి జరుగుతాయి. జట్టు హెర్నాండెజ్‌ను వదిలింది 2013 జూన్ 26న. ఒడిన్ లాయిడ్ హత్య కేసులో పోలీసులు అతన్ని తీసుకెళ్లిన గంటన్నరలోపే, కోర్టులో అభియోగాలు చదవకముందే. అందుకని 2013కు 25 లక్షలు, 2014కు 75 లక్షలు పడ్డాయి. వివాదంలో ఉన్న సొమ్ముకూ ఒక ఏర్పాటుంది: తీర్పు వచ్చేదాకా అందులో 40 శాతాన్ని తాత్కాలికంగా జట్టు క్యాప్‌లో వేసి ఉంచుతారు, తేలాక సరిచేస్తారు. ఎవరు గెలుస్తారో తెలియని తగువును కూడా ఖాతాలో ఓ మూల కూర్చోబెట్టే ఈ పద్ధతి నాకు భలే నచ్చింది.

అసలు పనితనం జప్తు నిబంధనలో ఉంది. అది 2011 ఒప్పందం నాలుగో అధికరణంలో తొమ్మిదో విభాగం. ఆటగాడు ఏయే పరిస్థితుల్లో బోనస్ వదులుకోవాలో అక్కడ వరసగా చెప్పారు. కావాలని ఆటకు రాకపోవడం, స్వచ్ఛందంగా రిటైర్ కావడం లాంటివాటి మధ్య ఒకటి: తన ప్రవర్తన వల్ల జైలుపాలై జట్టుకు అందుబాటులో లేకపోవడం. నేరం రుజువవ్వాలని షరతు లేదు. శిక్ష పడాలనీ లేదు. ఇలా రాయడానికి కారణం ఊహించడం కష్టం కాదు. కోర్టు తీర్పు ఏళ్ల తరబడి నడుస్తుంది, అప్పీలులో తిరగబడవచ్చు. అప్పట్లో సీజన్ పదిహేడు వారాల్లో ముగిసిపోయేది. అందుకే ఆదివారం మైదానంలో మనిషి ఉన్నాడా లేడా అన్న ఒక్కటే చూశారు. సాధారణంగా ఉల్లంఘన జరిగిన సీజన్ వరకే జప్తు. సీజన్ మధ్యలో అయితే మొదటి వారానికి ఆ ఏటి భాగంలో 25 శాతం, ఆపైన తప్పిన ప్రతి వారానికీ పదిహేడో వంతు.

జప్తయ్యేవి సైనింగ్, రోస్టర్, ఆప్షన్, రిపోర్టింగ్ బోనస్‌లు మాత్రమేననీ, మరే జీతమూ కాదనీ అక్కడే రాసి ఉంది. ఈ జాబితా వెనక మైకేల్ విక్ కేసుందని నా అనుమానం. అట్లాంటా ఫాల్కన్స్ క్వార్టర్‌బ్యాక్ విక్ 2007లో కుక్కల పందాల కేసులో నేరం ఒప్పుకున్నాడు. ఇచ్చిన బోనస్‌లలో దాదాపు 2 కోట్ల డాలర్లు తిరిగిమ్మని జట్టు అడిగింది. ఇలాంటి తగువులు తేల్చే స్పెషల్ మాస్టర్ స్టీఫెన్ బర్‌బాంక్ జట్టు వైపు తేల్చారు. 2008 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి డేవిడ్ డోటీ దాన్ని చాలావరకు తిప్పేశారు: రోస్టర్ బోనస్ అంటే ఫలానా తేదీన జట్టు జాబితాలో ఉన్నందుకు ఇచ్చేది, ఆ తేదీన అతనున్నాడు కాబట్టి అది సంపాదించిన డబ్బే అని. అప్పీలు కోర్టూ ఆ మాటే నిలబెట్టింది. మూడేళ్లకు వచ్చిన కొత్త ఒప్పందంలో రోస్టర్ బోనస్ పేరు పెట్టి మరీ చేరింది. దానికి మారుగా జీతం మీద చెయ్యి వేయకూడదన్న హద్దూ చేరినట్టు కనిపిస్తుంది. హెర్నాండెజ్ గ్యారంటీ జీతాలు, అంటే 2013కు 13.23 లక్షలు, 2014కు 11.37 లక్షలు, ఈ నిబంధన కిందికి రావు. వాటిని ఎగ్గొట్టాలంటే జట్టుకు అనుబంధంలోని వేరే షరతులే దిక్కు.

ఆ అనుబంధంలో జట్టుకు దొరికిన పనిముట్టు ఒక హామీ. సంతకం పెట్టిన రోజు నాటికి, ఒప్పందకాలమంతా తాను అందుబాటులో ఉండకుండా చేసే పరిస్థితులేవీ లేవని ఆటగాడు రాసిచ్చాడు. సంతకానికి నెల ముందు, 2012 జులైలో, బోస్టన్‌లో జరిగిన జంట హత్యల్లో అతనిపై తర్వాత అభియోగాలు వచ్చాయి. దాంతో ఈ సాదాసీదా వాక్యానికి ఒక్కసారిగా బరువొచ్చింది. సంఘం వైపు గట్టి చోటు మరొకటి. జట్టే అతన్ని గంటన్నరలో వదిలేశాక, అతను అందుబాటులో లేనిది ఎవరికి? పరువు కోసం చూపిన ఆ తొందర బోనస్ వాదనను పలచన చేసిందని నాకనిపిస్తుంది. హత్య కేసు నిందితుడి తరఫున సంఘం నిలబడటాన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. కానీ గ్యారంటీ అన్న మాట ఒక చెడ్డవాడి దగ్గర వంగితే మర్నాడు మోకాలు విరిగినవాడి దగ్గరా వంగుతుంది. సంఘం భయం అది.

ఇక 2017 వసంతం. 2015లో లాయిడ్ హత్యకు యావజ్జీవం పడింది. ఏప్రిల్ 14న జంట హత్యల కేసులో జ్యూరీ నిర్దోషి అంది. ఏప్రిల్ 19న అతను జైలుగదిలో ప్రాణం తీసుకున్నాడు. లాయిడ్ కేసు అప్పీలు ఇంకా తేలలేదు. అప్పీలు తేలకముందే ముద్దాయి చనిపోతే మొత్తం కేసే మొదటినుంచీ లేనట్టు లెక్కగట్టే పాత సూత్రం మసాచుసెట్స్‌లో ఉండేది. మే 9న జడ్జి సుసాన్ గార్ష్ ఆ సూత్రం ప్రకారం తీర్పును రద్దు చేశారు. కుటుంబానికి డబ్బు వస్తుందనే ఇలా చేసుకున్నాడన్న ఊహలు అప్పుడే లేచాయి. జప్తు నిబంధన మాత్రం కదల్లేదు. రుజువైన నేరం మీద దాన్ని కట్టలేదు కాబట్టి, ఆ రుజువు పోయినా కూలడానికేమీ లేదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు కూడా ఇలాంటి చిక్కే విప్పింది. జయలలిత ఆస్తుల కేసులో ఆమె నిర్దోషి అన్న హైకోర్టు తీర్పు మీద కర్ణాటక వేసిన అప్పీలు, ఆమె మరణంతో ఆమె వరకూ ముగిసిపోయిందంది. అంతకుముందు కింది కోర్టు వేసిన 100 కోట్ల జరిమానా మాటేమిటని కర్ణాటక మళ్లీ వెళ్తే, ఆ పిటిషన్ కొట్టేసింది. మన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 394వ సెక్షన్లో దగ్గరి బంధువులు 30 రోజుల్లో అనుమతి అడిగి, చనిపోయిన మనిషి అప్పీలు నడిపించుకునే దారి ఉంది. మసాచుసెట్స్ సూత్రంలో అంత ఓపిక లేదు, ఒక్క వేటుతో తుడిచేసేది.

నేరం రుజువవడం నిజంగా లెక్కకొచ్చే చోటు ఎస్టేటు గుమ్మం. బోనస్ వచ్చినా నేరుగా వారసులకు చేరదు. ముందు నిర్వహణ ఖర్చులు, తర్వాత అప్పులవాళ్లు. లాయిడ్ తల్లి, జంట హత్యల మృతుల కుటుంబాలు అప్పటికే సివిల్ దావాలు వేసి ఉన్నారు. క్రిమినల్ తీర్పు చేతిలో ఉంటే సివిల్ కోర్టులో పని సగం తేలిక. అది లేకపోతే మొదటినుంచీ నిరూపించుకోవాలి. 2019 మార్చి 13న మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఆ పాత సూత్రాన్నే ఎత్తేసింది. జస్టిస్ ఎల్స్‌పెత్ సైఫర్ రాసిన తీర్పు హెర్నాండెజ్ శిక్షను మళ్లీ రికార్డుకెక్కించి, అలబామా పద్ధతిలో ఒక నోటు జతచేయమంది: నేరనిర్ధారణతో ఇతనికి నిర్దోషి అన్న భావన తొలగిపోయింది, దాని మీద అప్పీలు జరిగింది, ముద్దాయి మరణించినందున అది ఖరారూ కాలేదు, రద్దూ కాలేదు.