జాడీలో చుట్టుకున్న గిన్నెలు

సింగపూర్‌లోని మా సెంగ్‌కాంగ్‌లో చిన్న రైలు ఎక్కితే ‘లాయర్’ అనే స్టేషన్ వస్తుంది. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు నవ్వుతారు గానీ వకీళ్లకూ దానికీ సంబంధం లేదు. మలయ్ భాషలో లాయర్ అంటే తెరచాప. మరో స్టేషన్ పేరు టోంగ్‌కాంగ్, అంటే సరుకు పడవ. కాంగ్‌కార్ స్టేషన్ పేరు పాత చేపల పల్లెది. సెంగ్‌కాంగ్ అన్న పేరుకు చైనా లిపిలో రాసే అక్షరాల అర్థం కళకళలాడే రేవు. ఇప్పుడు ఎటు చూసినా ఇరవై అంతస్తుల ఇళ్లే, రేవు పేరులోనే మిగిలింది.

ఆ పేర్ల వెనకున్న సముద్రం చూడాలంటే ఊదా రంగు లైను ఎక్కి క్లార్క్ కీలో దిగాలి. నది ఒడ్డునే నడిస్తే ఆసియా నాగరికతల మ్యూజియం వస్తుంది. 1998లో ఇండొనేషియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర దొరికిన ఓడ సరుకు అక్కడుంది. తొమ్మిదో శతాబ్దం మొదట్లో, చైనాలో తాంగ్ రాజుల కాలంలో మునిగిన అరబ్బు తరహా ఓడ అది. ఇనప మేకులు లేవు, పలకలను తాడుతో కుట్టేశారు. మన తీరంలో మసూలా పడవల్నీ ఇలాగే కుట్టేవారు. ఓడలో సుమారు 60 వేల మట్టి పాత్రలు దొరికాయి, చాలా భాగం చైనాలోని ఛాంగ్షా కుమ్మరి ఆవాల్లో కాల్చిన గిన్నెలు.

నన్ను ముందు ఆపింది ఆ గిన్నెలు కాదు, వాటిని సర్దిన పద్ధతి. ఆవకాయ జాడీని పోలిన పెద్ద జాడీల్లో గిన్నెల్ని ఒకదానికొకటి ఆనించి చుట్లు చుట్లుగా పేర్చారు. ఒక్కో జాడీలో వందకు పైగా పట్టాయి. పన్నెండు వందల ఏళ్లు సముద్రం అడుగున ఉండి కూడా వేల గిన్నెలు చెక్కుచెదరకపోవడానికి ఈ సర్దుడే ముఖ్య కారణం. జాడీని ఎలా కట్టి విమానం ఎక్కించాలా అని ప్రతి వేసవిలో తల పట్టుకునే వాళ్లకు ఈ తెలివి విలువ తెలుస్తుంది.

ఇక పనితనం. గిన్నె అంచుని నాలుగు వైపులా ఇనుము కలిసిన గోధుమరంగు పూతలో ముంచుతారు. నాలుగు అర్ధచంద్రాలు పడి నడుమ నలుచదరంగా చోటు మిగులుతుంది. అందులో కుంచెతో నాలుగైదు గీతల్లో పిట్ట, చేప, ఆకు. గోధుమకు ఇనుము, పచ్చకు రాగి. పైన గాజులాంటి పూత పోసి కొండవాలు మీద పాములా పొడుగ్గా కట్టిన ఆవంలో కాలుస్తారు. మంట కింద మొదలై పైకి పాకుతుంది. బొమ్మ మెరుపు పూతతో కలిసి కరిగి అతుక్కుంటుంది కాబట్టి ఉప్పూ పులుసూ తగిలినా చెరగదు. వేలకొద్దీ చేసినా ఏ రెండు పిట్టలూ ఒక్కలా ఉండవు. పండితులు వీటిని చవక సరుకంటారు. నిజమే, అదే ఓడలోని బంగారు గిన్నెతో పోలిస్తే చవకే. నాకు మాత్రం ఆ బంగారం కంటే ఈ పిట్టల మీదే కన్ను నిలుస్తుంది.

ఒక గిన్నె మీద తేదీ గీసి ఉంది. లెక్కిస్తే క్రీ.శ. 826. మన అద్దంకి శాసనంలో తరువోజ పద్యం చెక్కింది 848లో. అంటే తెలుగు పద్యం రాతికెక్కడానికి రెండు దశాబ్దాల ముందే ఛాంగ్షా కుమ్మరి పరాయి దేశపు కొనుగోలుదారుడి కోసం మకరం బొమ్మా అరబ్బు అక్షరాల్లాంటి గీతలూ వేస్తున్నాడు. అతను తన సంస్కృతిని ఎవరి మీదా రుద్దలేదు, అడిగింది చేసి పంపాడు. చైనా ప్రభావం ఇరుగుపొరుగు వంటిళ్లలోకి ఎక్కువగా ఇలా గిరాకీ వెంటే వెళ్లిందని నా నమ్మకం.

నేర్చుకున్నవాళ్లు నకలుతో ఆగలేదు. కొరియా కుమ్మరులు చైనా పచ్చ పింగాణీని చూసి నేర్చి, పన్నెండో శతాబ్దంలో మట్టిలో బొమ్మ చెక్కి అందులో తెల్ల, నల్ల మట్టి పొదిగే సొంత విద్య కనిపెట్టారు. 1123లో అక్కడికి వెళ్లిన చైనా రాయబారి షూ జింగ్ వాళ్ల పాత్రల రంగును మెచ్చుకున్నాడు. ఇరాక్‌లోని బస్రా వాళ్లకు చైనా తెల్లమన్ను దొరకలేదు. ఉన్న పసుపు మట్టికే తగరం కలిసిన తెల్ల పూత పూసి, మీద కోబాల్టు నీలంతో రాశారు. తెలుపు మీద నీలం చైనాలో స్థిరపడి లోకమంతా పాకింది ఆ తర్వాత, పద్నాలుగో శతాబ్దంలో, జింగ్‌దెజెన్ ఆవాల నుంచి. అందులో వాడిన కోబాల్టు చాలావరకు పశ్చిమాసియా నుంచే వచ్చింది. ఎవరు ఎవరికి గురువో తేల్చడం కష్టం.

మనకూ వాటా ఉంది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఓడ వర్తకులకు అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు, తాను సుంకం మాత్రమే తీసుకుంటానన్నాడు. కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పట్టునూలు సుంకాల జాబితాలో కనిపిస్తాయి. అక్కడి తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి.

బెలిటుంగ్ సరుకును పైకి తీసింది వ్యాపార కంపెనీ. ఆ గొడవ వల్లే 2011లో అమెరికాలో స్మిత్సోనియన్ తన ప్రదర్శన ఆపేసింది. అభ్యంతరం సబబే. అయినా వేల గిన్నెలు చెల్లాచెదురుగా వేలంలో పోకుండా సింగపూర్ ఒకచోట నిలిపింది, నేను దానికే ఓటేస్తాను.

ఈసారి అమ్మానాన్నలు సెంగ్‌కాంగ్ వస్తే మెరీనా బే ఫోటోలకు ముందు ఒక పూట ఆ మ్యూజియానికి తీసుకెళ్లండి. జాడీ దగ్గర అమ్మను కాసేపు నిలబడనివ్వండి.