అరకు రాయి, భీమిలి ఇసుక

వెనుక ఇసుక దిబ్బలున్న సముద్రతీరాన్ని చూడడానికి వేసుకునే ప్రణాళిక సాధారణంగా తీరం దగ్గరే మొదలై, ఏ బండిలో వెళ్లాలి, ఎక్కడ తినాలి, కెరటాల్లో ఎంతసేపు ఉండాలి అన్న ప్రశ్నలతో అక్కడే ముగుస్తుంది. విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు వెంట ఈశాన్యంగా వెళ్తే, భీమునిపట్నం (భీమిలి) ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా కనిపించే ఎర్రమట్టి దిబ్బల విషయంలో మాత్రం ఆ ప్రణాళిక సముద్రానికి దూరంగా, వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరువలో, అరకు లోయలో మొదలుకావడం సమంజసం. ఆ దిబ్బల్లోని ఇసుక పుట్టిన రాయి తూర్పు కనుమలది. ఆ రాయిని ముందు చూసినవారికి దిబ్బ కేవలం ఎర్రటి గుట్టగా కాక, కొండకూ కడలికీ మధ్య సాగిన సుదీర్ఘ ప్రయాణంగా అర్థమవుతుంది.

ఈ కొండల్లో విస్తారంగా కనిపించే రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైట్ అంటారు. భూమి లోపలి తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ పాత మట్టి అవక్షేపాలు రూపు మారి ఏర్పడిన ఈ రాతికి 1902లో టి.ఎల్. వాకర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టినప్పుడు, ఈ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరునే తీసుకున్నాడు. ఒక ఆదివాసీ జాతి పేరు ప్రపంచమంతటి భూగర్భశాస్త్ర గ్రంథాల్లో ఒక రాతి పేరుగా నిలిచిపోయిన సంగతిని అరకు వచ్చే యాత్రికులకు చెప్పే ఏర్పాటు తప్పక ఉండవలసింది. ఖొండలైట్‌లో తెల్లని స్ఫటికం వంటి క్వార్ట్జ్, ముదురు ఎరుపు గార్నెట్, సూదుల్లాంటి సిల్లిమనైట్, పెన్సిల్ ములుకులో వాడే గ్రాఫైట్ ఉంటాయి; నవరత్నాల్లో గోమేధికంగా లెక్కించేది కూడా గార్నెట్ జాతి ఖనిజమే. వేల, లక్షల సంవత్సరాల వానలకూ ఎండలకూ ఈ రాయి కుళ్లినప్పుడు, కరిగేది కరిగిపోగా కొండ నెత్తిన మిగిలిన భాగం బాక్సైట్ అవుతుంది. గట్టిగా ఉండి కరగని క్వార్ట్జ్, గార్నెట్ రేణువులు వాన నీటితోపాటు గెడ్డల్లోకి దిగుతాయి. ఉత్తరాంధ్ర మాటలో గెడ్డ అంటే కొండవాగు. అరకు చుట్టుపక్కల గాలికొండ, రక్తకొండ వంటి కొండల మీద బాక్సైట్, కింద తీరంలో ఎర్ర ఇసుక ఉండడం అందువల్ల యాదృచ్ఛికం కాదు. అవి ఒకే రాతికి పుట్టిన ఇద్దరు బిడ్డలు.

ప్రయాణానికి రైలు మంచి సాధనం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండోల్ మార్గం పదుల కొద్దీ సొరంగాల గుండా కొండెక్కుతుంది గనుక, కోసిన కొండ పక్కల్లో ఖొండలైట్ పొరలు కిటికీ పక్కనే కనిపిస్తాయి. ఈ మార్గంలోని బొర్రా గుహల దగ్గర దిగడం తప్పనిసరి. సున్నపురాతిని నీరు కరిగించగా ఏర్పడిన ఆ గుహల ప్రాంతం నుంచే గోస్తనీ నది బయలుదేరుతుంది. ఆవు పొదుగు అన్న అర్థం గల ఆ పేరు గుహ కప్పు నుంచి వేలాడే, నీరు బొట్లుబొట్లుగా రాలే రాతి చనుమొనలకు ఎంతగా ఒప్పిందో లోపల నిలబడి చూస్తేనే తెలుస్తుంది. సుమారు 120 కిలోమీటర్ల ప్రయాణంలో ఆ నది అనంతగిరి లోయలు దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, 1794లో విజయనగర సంస్థానాధీశుడు చినవిజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి మరణించిన పద్మనాభం ప్రాంతం గుండా సాగి, భీమునిపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. కొండ నుంచి తీరానికి నదిని అనుసరిస్తూ రోడ్డు మీద దిగి, శృంగవరపుకోట తరువాత పద్మనాభం వైపు మళ్లేవారికి ఈ కథంతా ఒక్క పగటిలో అందుతుంది.

అయితే దిబ్బల్లోని ప్రతి రేణువునూ గోస్తనీయే మోసుకొచ్చిందనుకోవడం పొరపాటు. తీరానికి దగ్గరలోని కొండల వాలు నుంచి దిగే చిన్న గెడ్డలు తెచ్చిన ఇసుకా, తీరం వెంట సాగే ప్రవాహాలు తోసుకొచ్చిన ఇసుకా అందులో కలిసి ఉన్నాయి. దారులు వేరైనా మూలమైన రాయి ప్రధానంగా ఖొండలైటే. గడచిన మంచుయుగం ఉచ్చదశలో, అంటే దాదాపు 20 వేల సంవత్సరాల క్రితం, భూమ్మీది నీరు ధ్రువాల దగ్గర మంచుగా బిగుసుకుపోవడంతో సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు దిగువకు పోయింది. అప్పుడు బయటపడిన విశాలమైన ఇసుక మైదానం మీద నుంచి వీచిన గాలి ఇసుకను నేల వైపుకు తరలించి కుప్పలు పోసింది. గాలి ఇసుకను మేఘంలా ఎత్తుకుపోదు. ఒక్కో రేణువును చిన్న గంతు వేయించి దించుతుంది, దిగిన రేణువు తగిలిన చోట మరికొన్ని రేణువులు లేస్తాయి, ఎక్కడ రాయో చెట్టో అడ్డుపడితే అక్కడ దిబ్బ మొదలవుతుంది. ఈ నిర్మాణంలో గాలి వాటా ఎంత, వాన నీటి వాటా ఎంత అన్న దానిపై పరిశోధకుల్లో భేదాభిప్రాయాలున్నా, ఎరుపుకు కారణం ఇసుకలోని గార్నెట్, ఇల్మెనైట్ వంటి ఖనిజాల్లోని ఇనుము తుప్పుపట్టి క్వార్ట్జ్ రేణువులకు సన్నని పూతలా అంటుకోవడమేనన్నది సాధారణంగా చెప్పే వివరణ. దక్షిణాసియాలో ఇటువంటి ఎర్ర దిబ్బలు ఇక్కడ కాక తమిళనాడులోని తేరి ఇసుక నేలల్లోనూ శ్రీలంకలోనూ మాత్రమే ప్రసిద్ధం.

ఇక కాలనిర్ణయం. ఈ ప్రయాణానికి నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఆ కాలం మొదట్లో అరకులో వలిసె పూల పసుపు, భీమిలిలో ఎండ తీవ్రత లేని పగలు రెండూ దొరుకుతాయి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు కాబట్టి వాతావరణ హెచ్చరిక చూడకుండా బయలుదేరడం తగదు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ ఎంత నష్టం కలిగించిందో ఈ ప్రాంతంలో ఎవరూ మరవలేదు. వాన పడుతున్నప్పుడు గానీ పడిన మర్నాడు గానీ దిబ్బల్లోకి వెళ్లకూడదు. వాన నీరు కోసిన నిట్టనిలువు గండ్లే ఈ దిబ్బల అందమంతా. తడిసిన గండి గోడ ఏ క్షణాన కూలుతుందో చెప్పలేము. తీరం తూర్పు, ఆగ్నేయాలకు ముఖం పెట్టి ఉన్నందున సూర్యుడు సముద్రం మీద నుంచి లేస్తాడు. ఉదయం తొలి గంటల ఏటవాలు వెలుగులోనే దిబ్బ గోడల మీది పొరలు, పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక ఎరుపు, ఇంకా కింద గోధుమ రంగు కలిసిన ఎరుపు, విడివిడిగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నపు వెలుగులో ఆ తేడాలన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి.

సముద్రం వైపు కార్యక్రమానికి గడియారంతోపాటు పంచాంగం కూడా అవసరం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు, అంటే నీరు పైకి రావడం, ఆటు, అంటే వెనక్కి తగ్గడం, రెండూ ఎక్కువగా ఉంటాయి; అష్టమి దగ్గర ఆ తేడా తగ్గుతుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది గనుక నిన్నటి వేళ నేటికి పనికిరాదు. ఆటు వేళ తడి ఇసుక మీద కనిపించే ఊదా, నలుపు చారలను ఆగి పరిశీలించాలి. కెరటం వెనక్కి వెళ్తూ తేలిక రేణువులను లాక్కుపోగా మిగిలిన బరువైన రేణువులే ఆ చారలు. ఊదా ఛాయ గార్నెట్‌ది, నలుపు ఇల్మెనైట్‌ది. బొర్రా దారిలో కొండ రాతిలో ఎర్రటి చుక్కలుగా కనిపించిన ఖనిజం ఇక్కడ అరచేతిలో పొడిగా నిలుస్తుంది. ఈ యాత్ర మొత్తానికి అంతకు మించిన ఘట్టం లేదు. స్నానం సంగతి వేరు. ఒడ్డుకు చేరిన నీరు ఒక ఇరుకు పాయగా లోపలికి తిరిగిపోయే చోట కెరటాలు విరగవు, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, లాగేది కూడా ఆ చోటే. స్థానిక మత్స్యకారులను అడగకుండా నీటిలో దిగకపోవడమే క్షేమం.

దిబ్బల ముందు పాకే మొక్కలను తొక్కకపోవడం ఈ సందర్శన మర్యాదల్లో మొదటిది. మేక గిట్ట ఆకారపు ఆకులు, ఊదా పూలు గల బాలబందితీగ, ముళ్లబంతుల్లాంటి గింజల గుత్తులతో గాలికి దొర్లే రావణుని మీసాలు అనే గడ్డి, ఇవే కదిలే ఇసుకను వేళ్లతో పట్టి ఉంచుతాయి. ఒక తీగ చచ్చినచోట గాలి పల్లం తవ్వుతుంది, ఆ పల్లం వెడల్పవుతుంది. చలికాలం చివర ఇదే తీరంలో సముద్రపు తాబేళ్లు రాత్రివేళ గుడ్లు పెట్టడానికి వస్తాయి కాబట్టి చీకటి పడ్డాక లైట్లు వేసుకుని ఇసుక మీద తిరగడం మానాలి. దిబ్బల లోపల గండి అడుగున నడవవచ్చు, అంచుల మీద నడవకూడదు. నిలువు గోడ మీద పేర్లు చెక్కడం, జారుడుబల్లలా జారడం ఒక్క పూటలో చేసే నష్టాన్ని పూడ్చుకోవడం ప్రకృతికి చేతకాదు. ఈ ఇసుక తిరిగి చేరాలంటే సముద్రం మళ్లీ అంత దూరం వెనక్కి తగ్గాలి.

ఈ మాటల్లో అతిశయోక్తి లేదు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో ఈ దిబ్బలను భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అంటే భూమి చరిత్రకు సాక్ష్యంగా కాపాడవలసిన స్థలమని అర్థం. అయినా 2024 జూలైలో దిబ్బల పరిసరాల్లో యంత్రాలతో నేల చదును చేస్తున్నారన్న వార్త వెలువడి, నగరంలో నిరసనలు రేగాయి. 2025లో ఈ స్థలం ప్రపంచ వారసత్వ హోదాకు ప్రతిపాదించదగిన స్థలాల తాత్కాలిక జాబితాలో, తిరుమల కొండలతోపాటు, చేరింది. జాబితాలో చేరినంత మాత్రాన రక్షణ రాదు. గోస్తనీకి పుట్టిల్లయిన అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూములు లీజుకివ్వడం చెల్లదని ప్రకటించి, కొండలకు ఒక చట్టబద్ధమైన కంచె వేసింది. అంతటి కంచె తీరంలోని దిబ్బలకూ కావాలి.

ఏటా అరకు చూడడానికి తీరం నుంచి కొండకు వెళ్లేవారికి లెక్కలేదు. కొండ నుంచి దిబ్బలు చూడడానికి దిగేవారు అరుదు. అరకు, అనంతగిరి ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులు ఈ ఏడాది విహారయాత్రకు ఎర్రమట్టి దిబ్బలను ఎంచుకుంటే, తమ ఊరి రాతి ముక్క ఒకటి వెంట తీసుకువెళ్లి, ఆటు వేళ ఒడ్డున ఊదా ఇసుక పక్కన పెట్టి పిల్లలకు చూపవచ్చు. వెళ్లినవారెవరైనా, పిల్లలైనా పెద్దలైనా, బండి ఎక్కే ముందు చెప్పుల్లో చేరిన ఎర్ర ఇసుకను దిబ్బల దగ్గరే దులిపి రావాలి.