ఎర్రముక్కు డాక్టర్లు

1986లో న్యూయార్క్‌లో బిగ్ యాపిల్ సర్కస్ విదూషకుడు మైకేల్ క్రిస్టెన్సన్ పిల్లల ఆసుపత్రిలో ‘క్లౌన్ కేర్’ మొదలుపెట్టాడు. ఎర్రముక్కు మార్పిడి ఆపరేషన్లు, చాక్లెట్ పాలు ఎక్కించడాలు... ఇదీ ఈ ఎర్రముక్కు డాక్టర్ల వైద్యం! జోకర్ వేషం ఎవరైనా కడతారు. నాకు ముచ్చటేసేది మాత్రం గుమ్మం దగ్గరి పద్ధతి. జంటగా వచ్చి, తలుపు తట్టి, ‘రావచ్చా?’ అని పిల్లాణ్నే అడుగుతారు. సూదికీ మందుకీ వద్దనే వీల్లేని పసివాడు వీళ్లను పొమ్మనగలడు. పొమ్మంటే నిజంగానే పోతారు, కాకపోతే తలుపుకు గుద్దుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ. వాడు కిసుక్కుమంటాడు. రాత్రంతా కునుకులేని తల్లి మొదట వాడి మొహం చూసి, ఆనక తనూ నవ్వేస్తుంది. మన దేశంలోనూ జీతం భత్యం లేకుండా ఇలా వార్డులకు వెళ్లేవాళ్లున్నారు.