ఫటికుని శోకము

రవీంద్రనాథ ఠాకూరు రచించిన "ఛుటి" యను కథ వంగశకము 1299 పుష్యమాసమున, అనగా క్రీ.శ. 1892-93 సంవత్సరముల సంధియందు, 'సాధన' పత్రికలో వెలువడెను. ఛుటి యనగా సెలవు. పదుమూడు పదునాలుగేండ్ల ఫటికుడు దీనికి నాయకుడు. తండ్రిలేని యీ పల్లెబాలుని మేనమామయగు విశ్వంభరుడు చదువునకై కలకత్తాకు గొనిపోవును. అచ్చట మేనత్త యాదరింపదు. బడిలో నుపాధ్యాయుడు కొట్టును. తల్లికై పరితపించుచు, జ్వరముతో వానలో నిల్లు వెడలిన బాలుని రక్షకభటులు తిరిగి తెత్తురు. తల్లి వచ్చుసరి కతడు మృత్యుముఖమున నుండును.

ఇందలి శోకము కరుణముగా పరిణమించుటకు తగిన హేతువు కలదా యనునది విచార్యము. ఆలంకారికులు కరుణమునకు ఇష్టనాశమును, అనిష్టప్రాప్తిని కారణములుగా చెప్పిరి. ఫటికుని కథలో ఆప్తమరణము నూతనముగా సంభవింపలేదు. తల్లి బ్రతికియున్నది. మేనమామ సజ్జనుడు. మేనత్తయు క్రూరురాలు కాదు. ముగ్గురు కుమారులుగల సంసారమున మఱియొక బాలుడు వచ్చిపడగా విసిగిన సామాన్యగృహిణి. కావున నొక దుష్టుని జూపి యీ శోకమును సమర్థింప వీలులేదు. కవి కారణమును వయస్సునందే నిలిపెను. పసివానికి దక్కు లాలనయు పెద్దవానికి దక్కు గౌరవమును తప్పిన వయస్సది. స్నేహము మిక్కిలి కావలసినప్పుడే యది దొరకకుండుట ఫటికుని కనిష్టప్రాప్తి.

దీనిని కవి విలాపముచే గాక అనుభావములచే చూపెను. ఊర ఫటికుడు బాలురకు నాయకుడు. పెద్ద దూలమును దొర్లించు నాట కల్పించినవాడు. తల్లికి సైత మెదురుచెప్పినవాడు. ప్రయాణమగునప్పుడు సంతోషముతో తన గాలమును, గాలిపటమును తమ్ముడగు మాఖనునకు పుత్రపౌత్రపారంపర్యముగా ననుభవింప నొసగును. దానపత్రపు మాటలతోడి యీ దానము మొదట హాస్యము. కథ ముగిసినపిమ్మట చదివినచో మరణశాసనము. అట్టివాడు కలకత్తా బడిలో పలుకడు, దెబ్బలకు కదలడు, విరామమున కిటికీకడ నిలిచి దూరపు మేడలను చూచుచుండును. ఇది జడత యను సంచారిభావము. ఉపాధ్యాయుడు దానిని మందబుద్ధి యనుకొనెను. పుస్తకము పోయినదని కొట్టెను గాని బాలుడే పోవుచుండుట నెఱుగడయ్యెను. బోధకులకు కథయం దింతకంటె తీవ్రమైన యుపాలంభము లేదు.

ఇక దోషవిచారము. జ్వరతీవ్రతచే ఫటికుడు నీటిలోతు కొలుచుచున్నట్లు పలవరించును. కలకత్తాకు వచ్చునప్పుడు పొగయోడమీది కళాసులు త్రాడు విడిచి రాగముతో లోతు చెప్పుట విన్నవాడు గనుక నీ ప్రలాపము సహజము. దీని వ్యంగ్యము సహృదయునకు తనంత తోచును. కాని కవి యంతట నిలువక, బాలుడు పయనించు సముద్రమునకు తుదియు లోతును లేవని తానే విప్పిచెప్పెను. వ్యంగ్యార్థమును కవి స్వోక్తిచే మరల ప్రకటించినచో నది ధ్వని కాజాలదని యానందవర్ధనుడు ధ్వన్యాలోక ద్వితీయోద్ద్యోతమున నిర్ణయించెను. ఆ నియమముచే నీ వాక్యము సదోషమే. వయస్సును గూర్చిన వ్యాఖ్యానమునకు మాత్ర మీ దోషము పట్టదు. తన బాధను చెప్పుకొనుటకు బాలునకు మాట లేదు. అడిగి తెలిసికొనవలెనను తలంపు చుట్టునున్నవారికి లేదు. అట్టి మూగశోకమునకు కారణమును తెలుపుట కవికి విధియే. అది విభావమును స్ఫుటపఱచునే గాని రసమును పేరెత్తి చెప్పదు.

తుదిని కవి మరల మౌనము వహించెను. కార్తికమున పూజల సెలవు వచ్చునని తెలిసిననాటినుండి ఫటికునకు సెలవనగా తల్లిని చేరుదినము. ఆ తల్లియే వచ్చి పైబడి యేడ్చుచుండగా, తనకు సెలవు దొరకినదనియు నింటికి పోవుచున్నాననియు నతడు చెప్పును. వంగభాషలో ఛుటి విడుదలను గూడ తెలుపును. తెలుగున సెలవు వీడ్కోలునకును చెల్లును. తల్లి చెంతనుండగా నిల్లనగా నేదో కవి చెప్పలేదు. నీటిలోతుకడ కోల్పోయిన ధ్వనిని కవి యిచ్చట సంపూర్ణముగా సాధించెను.